సూసన్నా వెస్లీ ఇంటి బడి

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 6:4–9

 

క్రిందటి నెలలో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక టీ ఇచ్చి, ఆ ఇంటి తల్లి మెల్లగా అడిగింది. "అయ్యగారూ, మా వాణ్ణి ఆరో తరగతిలోనే హాస్టల్లో వేశాం. ఇప్పుడు ఇంటర్. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ సెలవులకు వస్తే కుటుంబ ప్రార్థనకు కూర్చోడు. కూర్చున్నా ఫోన్ చూసుకుంటాడు. చిన్నదాన్ని కూడా ఇలాగే పోగొట్టుకుంటానేమోనని భయంగా ఉందండీ. అమెరికాలో మా ఆడపడుచు వాళ్ళు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నారు. అది బైబిలు ప్రకారం మంచిదంటున్నారు. మేమూ అలా చేయవచ్చా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన దేశంలో కూడా సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటి దగ్గర చదివి పరీక్షలు వ్రాసే పిల్లలున్నారు, కనుక అది జరగని పని కాదు. అయితే ఆ తల్లి అడిగినది పరీక్షల సంగతి కాదు. పిల్లల హృదయం ఎవరి చేతిలో పెరగాలి అని అడిగింది. ఇంటికి వచ్చాక నేను సెమినరీలో చదువుకున్నప్పటి పాత నోట్సు తీసి చూశాను. అందులో ఒక తల్లి చరిత్ర ఉంది. ఆ రోజు చెప్పలేని జవాబును ఈ రోజు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆమె పేరు సూసన్నా వెస్లీ. 1669 జనవరి 20న లండన్‌లో ఒక పాస్టరుగారి ఇంట పుట్టింది. 1688లో శామ్యూల్ వెస్లీ అనే యువకుణ్ణి వివాహం చేసుకుంది. ఆయన తరువాత ఇంగ్లాండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఎప్‌వర్త్ అనే ఊరికి పాదిరిగా నియమింపబడి, చనిపోయేవరకు, అంటే 1735 వరకు, అక్కడే పరిచర్య చేశాడు. వారికి పుట్టిన బిడ్డలు 19 మంది. అందులో తొమ్మిది మంది పసితనంలోనే చనిపోయారు. మిగిలినవారు ముగ్గురు కుమారులు, ఏడుగురు కుమార్తెలు. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. సికింద్రాబాదులో వెస్లీ చర్చి పేరు విన్నవారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిని చూసినవారు ఆ ఇంటి పేరు ఎరుగుదురు. వెస్లియన్ మిషనరీలు తెలంగాణ పల్లెలకు తెచ్చిన సువార్త వెనుక ఆ ఇల్లు ఉంది.

ఆ ఇల్లు సుఖంగా ఉన్న ఇల్లు అనుకోవద్దు. అప్పులు తీరలేదు. 1705లో అప్పు కట్టలేదని శామ్యూల్ వెస్లీని లింకన్ జైలులో పెట్టారు. ఆయన అంటే గిట్టని ఊరివారు రాత్రివేళ వచ్చి, పిల్లలకు పాలిచ్చే ఆవులను పొడిచారు. అటువంటి ఇంటిలో ఆ తల్లి బడి పెట్టింది.

ఆ బడి ఎలా జరిగిందో మనకు ఎలా తెలుసు? 1732లో జాన్ వెస్లీ తన తల్లిని, మమ్మల్ని ఎలా పెంచావో వ్రాసి పంపమని కోరాడు. ఆమె ఆ జులై 24న ఒక పెద్ద ఉత్తరం వ్రాసింది. మన ప్రసంగాల్లో ఆమె గురించి తరచు ఒక మాట చెబుతుంటారు. పిల్లల గోల మధ్య ఏప్రాన్ తల మీద కప్పుకొని ప్రార్థించేదని, అది చూసి పిల్లలు నిశ్శబ్దమయ్యేవారని. వినడానికి బాగుంటుంది. నేను మాత్రం ఆమె తన చేతితో వ్రాసినదానినే మీ ముందు పెడతాను.

బిడ్డకు అయిదేళ్ళు నిండిన మరుసటి రోజున చదువు మొదలు. ముందురోజే ఇల్లంతా సర్ది, ఎవరి పని వారికి అప్పగించి, ఉదయం 9 నుండి 12 వరకు, మధ్యాహ్నం 2 నుండి 5 వరకు ఎవరూ ఆ గదిలోకి రాకూడదని ఆజ్ఞ పెట్టేది. మొదటి రోజున అక్షరాలన్నీ నేర్చుకోవాలి. పెద్ద కొడుకు శామ్యూల్ కొద్ది గంటల్లోనే నేర్చుకున్నాడు. అక్షరాలు రాగానే ఆదికాండము మొదటి అధ్యాయము తెరిచేది. వేరే వాచకం లేదు. మొదటి వచనము కూడబలుక్కొని, తడబడకుండా వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ చదివి, అప్పుడు రెండవ వచనము. శామ్యూల్ చదువు మొదలుపెట్టింది ఫిబ్రవరిలో. పెంతెకొస్తు పండుగ నాటికి ఒక అధ్యాయము చక్కగా చదివేవాడు. మోలీ, నాన్సీ అనే ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం అక్షరాలు రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అప్పుడు వాళ్ళను మందబుద్ధులనుకున్నానని, తరువాత ఇతరుల పిల్లలు అక్షరాలకు ఎన్నాళ్ళు తీసుకుంటున్నారో చూసి తన అభిప్రాయం మార్చుకున్నానని ఆ తల్లి ఒప్పుకుంది. చదివి నేను నవ్వుకున్నాను.

అందరికంటే చిన్నది కెజ్జీ. దానికి అయిదేళ్ళు రాకముందే చదువు చెప్పించారు. ఈ విషయంలో తన మాట చెల్లలేదని సూసన్నా వ్రాసింది. ఫలితం ఏమిటంటే, మిగతావారికి నెలలు పట్టిన చదువు ఆ పిల్లకు సంవత్సరాలు పట్టింది. మూడేళ్ళకే ఎల్‌.కె.జి. సీటు కోసం తెల్లవారుజామున లైనులో నిలబడే మన తండ్రులు ఈ మాట వినాలి.

ఆమె ఇంటి నియమాలు కొన్ని చెబుతాను. తప్పు చేసి తనంతట తాను ఒప్పుకున్న బిడ్డను కొట్టకూడదు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు, ఆ తరువాత దాన్ని ఎత్తిపొడవకూడదు. మంచి మనస్సుతో చేసిన పని సరిగా కుదరకపోయినా దయతో అంగీకరించాలి. గుండుసూది అంత చిన్నదైనా సరే, ఒకరి వస్తువు మరొకరు అడగకుండా తీసుకోకూడదు. మాట ఇస్తే తప్పకూడదు. ఇంకొక నియమం ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. బాగా చదవడం వచ్చేవరకు ఏ ఆడపిల్లకూ ఇంటిపని, కుట్టుపని నేర్పకూడదు. మూడు వందల సంవత్సరాల క్రిందటి మాట ఇది. మన విశ్వాసుల ఇళ్ళల్లో ఇప్పటికీ తమ్ముడు బైబిలు పట్టుకొని కూర్చుంటే అక్క గిన్నెలు తోముతూ కుటుంబ ప్రార్థన వింటున్న ఇళ్ళు నాకు తెలుసు.

అన్నీ మనం అనుసరించవలసినవే అని నేను అనను. ఏడాది నిండేసరికి పిల్లలకు బెత్తమంటే భయం నేర్పి, ఏడ్చినా మెల్లగా ఏడ్చేలా చేశానని కూడా ఆమె వ్రాసింది. ఆ కాలము అటువంటిది. అది చదివినప్పుడు నా మనస్సు ఒప్పుకోలేదు. గొప్ప తల్లి చేసిందని చెప్పి పసిబిడ్డ మీద చెయ్యి ఎత్తవద్దని తల్లులను బ్రతిమాలుచున్నాను.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఆ ఇల్లు కాలిపోయింది. నిండు గర్భిణిగా ఉన్న సూసన్నా మంటల మధ్య నుండి నడిచి బయటపడింది. అయిదేళ్ళ జాన్ మేడమీద చిక్కుకుపోయాడు. ఒక మనిషి భుజాల మీద మరొకడు నిలబడి కిటికీలో నుండి వాణ్ణి లాగారు. ఆ వెంటనే పైకప్పు కూలిపోయింది. జెకర్యా 3:2లో అగ్నిలో నుండి తీయబడిన కొరివి అనే మాటను జాన్ తన జీవితమంతా తన గురించే చెప్పుకున్నాడు. ఈ సంగతి మన పుల్పిట్ల మీద చాలాసార్లు వింటాం. ఆ తరువాత జరిగినది ఎవరూ చెప్పరు.

ఉండటానికి ఇల్లు లేక పిల్లలను వేర్వేరు ఇళ్ళకు పంపవలసి వచ్చింది. ఇల్లు మళ్ళీ కట్టి అందరినీ తెచ్చుకునేసరికి పిల్లలు మారిపోయారు. ఆదివారపు భక్తి తగ్గింది. పాడుపాటలు వచ్చాయి. మాట మోటుగా మారింది. అంత కట్టుబాటుగా పెంచిన పిల్లలు కొద్ది కాలంలోనే అలా అయ్యారని ఆ తల్లి బాధపడింది. హాస్టల్ నుండి వచ్చిన కొడుకును చూసి కన్నీళ్ళు పెట్టుకున్న తల్లీ, నీ బాధ ఆమెకు తెలుసు.

సూసన్నా వాళ్ళను తిడుతూ కూర్చోలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. ఇంటి బడి కీర్తనతో ప్రారంభమై కీర్తనతో ముగియాలని ఏర్పాటు చేసింది. సాయంత్రం 5 గంటలకు పెద్దపిల్ల అందరికంటే చిన్నబిడ్డను, రెండవది దాని పైబిడ్డను ప్రక్కకు తీసుకొని వెళ్ళి, ఆ దినపు కీర్తనలు, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి వినిపించాలి. ఉదయం పాత నిబంధన చదివి, ఒంటరిగా ప్రార్థన చేసుకున్నాకే టిఫిను.

ఇంకా రెండు సంవత్సరాలకు ఒక సంగతి జరిగింది. మన దేశపు సంఘాల్లో ఇది చాలామందికి తెలియదు. 1706 జులైలో డెన్మార్కు రాజు పంపగా ఇద్దరు జర్మన్ యువకులు, జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ, తమిళ దేశపు సముద్రతీరంలో తరంగంబాడి అనే ఊరిలో దిగారు. వాళ్ళు తమిళం నేర్చుకొని, పిల్లలకు బడులు పెట్టి, సువార్త చెప్పారు. ఆ మిషన్‌కే తరువాత 1719లో బెంజమిన్ షుల్జ్ వచ్చాడు. ఆయన మద్రాసులో ఉంటూ మన తెలుగు భాషలో లేఖనాలు తర్జుమా చేశాడు. ఆయన తెలుగు పుస్తకాలు కొన్ని 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. ఆ మొదటి ఇద్దరు వ్రాసిన ఉత్తరాలు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. ఒక ప్రతి ఎప్‌వర్త్‌లో శామ్యూల్ వెస్లీ గదిలో ఉంది. పెద్ద కుమార్తె ఎమిలీ ఆ పుస్తకం చూసి తల్లికి చదివి వినిపించింది.

ఆ సేవకుల ఆసక్తి చూసి సూసన్నా హృదయం కదిలిపోయింది. కొన్ని దినములు ఆమెకు వేరే మాట లేదు. నేను పురుషుణ్ణి కాను, సేవకుణ్ణి కాను, అయినా ఇప్పుడు చేసేదానికంటే ఎక్కువ చేయగలను కదా అనుకున్నట్లు 1712 ఫిబ్రవరిలో తన భర్తకు వ్రాసిన ఉత్తరంలో ఉంది. ఎక్కడ మొదలుపెట్టింది? ఓడ ఎక్కలేదు. తన పిల్లల దగ్గర మొదలుపెట్టింది. ప్రతి రాత్రి ఒక్కొక్క బిడ్డతో విడిగా కూర్చొని మాట్లాడాలని తీర్మానించుకుంది. సోమవారం మోలీ. మంగళవారం హెట్టీ. బుధవారం నాన్సీ. గురువారం జాన్, వాణ్ణి ఇంట్లో జాకీ అనేవారు. శుక్రవారం పాటీ. శనివారం చార్లెస్. ఆదివారం ఎమిలీ, సూకీ ఇద్దరూ కలిసి.

ప్రియులారా, జాగ్రత్తగా గమనించండి. రోజుకు ఆరు గంటలు ఆ పిల్లలు తల్లి ఎదుటనే చదువుకుంటున్నారు. ఒకే పైకప్పు క్రింద తింటున్నారు, ప్రార్థిస్తున్నారు. అయినా అది చాలలేదని ఆమెకు తెలిసింది. పదిమంది మధ్యలో చెప్పలేని మాట ప్రతి బిడ్డకూ ఒకటి ఉంటుంది. ఆ మాట కోసం ఆమె వేళ కేటాయించింది. ఎన్ని నిమిషాలు అని లెక్క వ్రాయలేదు, వీలైనంత అని మాత్రమే వ్రాసింది. మన తీరంలోని ఒక చిన్న మిషన్ సాక్ష్యము సముద్రాలు దాటి వెళ్ళి, ఒక తల్లిని తన బిడ్డ ప్రక్కన కూర్చోబెట్టింది. దేవుని మార్గములు ఎంత ఆశ్చర్యము!

ఆ చలికాలంలోనే, భర్త లండన్‌లో ఉండగా, ఆదివారం సాయంత్రం ఆమె తన పిల్లలకు, పనివారికి ప్రసంగం చదివి వినిపించేది. పనిచేసే కుర్రవాడు తన తల్లిదండ్రులకు చెప్పాడు. వాళ్ళు వస్తామన్నారు. ముప్పై, నలభై మంది అయ్యారు, చివరికి రెండు వందలు దాటారు. మందిరంలో పనిచేసే సహాయ పాదిరికి అది నచ్చక ఫిర్యాదు వ్రాశాడు. మానేయమని భర్త ఉత్తరం వ్రాస్తే, మానేయాలని కోరుకుంటున్నానని చెప్పవద్దు, స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, ఆత్మల విషయమై దేవుని యెదుట లెక్క మీరే చెప్పండి అన్నట్లు ఆమె జవాబిచ్చింది. కుటుంబ ప్రార్థన ఎలా పెరుగుతుందో చెప్పడానికి దీన్ని ఎత్తాను. దీని గురించి ఇంకొకసారి మాట్లాడుకుందాం.

జాన్ పదేళ్ళ వయస్సులో, 1714లో, లండన్‌లో హాస్టల్ ఉన్న బడికి వెళ్ళిపోయాడు. అవును, సూసన్నా కూడా కొడుకులను దూరపు బడికి పంపింది. తరువాత ఆక్స్‌ఫర్డ్. 1732లో అతనికి 28 ఏళ్ళు, కాలేజీలో ఫెలో. అప్పుడు తల్లికి ఒక ఉత్తరం వ్రాస్తూ, చిన్నప్పుడు గురువారం సాయంత్రం నా కోసం కేటాయించిన ఆ కాస్త సమయంలో ఇప్పుడు కూడా నన్ను తలచుకోగలవా, అది అప్పుడు నా ఆలోచనను దిద్దినట్టే ఇప్పుడు నా హృదయాన్ని దిద్దుతుంది అనే భావంతో అడిగాడు. ఆరు గంటల బడి గురించి కాదు, ఆదికాండము పాఠం గురించి కాదు, గురువారం సాయంత్రం గురించి అడిగాడు.

ఇక్కడ ఆపితే మీరు సంతోషంగా రేడియో కట్టేసి వెళ్ళిపోతారు. కానీ అది సగం చరిత్రే అవుతుంది. మంగళవారం బిడ్డ హెట్టీ సంగతి చెప్పాలి.

హెట్టీ ఆ ఇంటిలో అందరికంటే తెలివైన ఆడపిల్ల. ఎనిమిదేళ్ళకే గ్రీకు క్రొత్త నిబంధన చదివేదని చెబుతారు. మంచి కవయిత్రి. 1725లో ఆమె ఒక మనిషిని నమ్మి ఇల్లు విడిచి వెళ్ళింది. మోసపోయి, గర్భవతియై తిరిగి వచ్చింది. తండ్రి ఆమెను విలియం రైట్ అనే ప్లంబరుకు ఇచ్చి పెళ్ళి జరిపించాడు. ఆ కాపురం సుఖంగా సాగలేదు. హెట్టీ క్షమించమని తండ్రికి ఉత్తరాలు వ్రాసింది. తండ్రి మనస్సు కరగలేదు. 1726లో జాన్ తన తండ్రి పరిచర్య చేసే మందిరంలోనే, తప్పిపోయినవారి యెడల ప్రేమ చూపవలెనని ప్రసంగించాడు. అది ఎవరి కోసమో తండ్రికి అర్థమైంది, ఎంతో నొచ్చుకున్నాడు. కానీ కూతురితో సమాధానపడలేదు.

ఒకే ఇల్లు, ఒకే బడి, ఒకే తల్లి, ఒకే బైబిలు. ఇంట్లో చదివిస్తే పిల్లలు తప్పిపోరు అని ఎవరైనా మీకు చెబితే, ఎప్‌వర్త్ ఇల్లు ఆ మాటకు సాక్ష్యమివ్వదు. ఒప్పుకున్న బిడ్డను కొట్టవద్దు, ఒకే తప్పును రెండుసార్లు ఎత్తవద్దు అని నియమం వ్రాసుకున్న ఇల్లు అది. ఆరేళ్ళ పిల్లల అబద్ధాలకు పాటించిన ఆ నియమాన్ని, పాతికేళ్ళు దాటిన కూతురి పాపం దగ్గరకు వచ్చేసరికి తండ్రి పాటించలేకపోయాడు. పాస్టరుగారి ఇల్లు కదా, ఊరిలో పరువు కదా! సేవకుడనైన నేను ఈ భాగం చదివినప్పుడల్లా భయపడతాను. నా సంఘంలో తప్పిపోయిన కుమారుని ఉపమానము ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా గుమ్మం ముందు నా కూతురే అలా నిలబడితే నేను పరుగెత్తి వెళ్తానా?

హెట్టీని దేవుడు విడువలేదు. 1750లో ఆమె చివరి దినములలో తమ్ముడు చార్లెస్ ఆమె ప్రక్కన ప్రార్థించాడు, ఆమె ఆత్మ ఎంత మృదువైనదో తన దినచర్యలో వ్రాసుకున్నాడు. తండ్రి అప్పటికి చనిపోయి పదిహేను సంవత్సరాలు.

తల్లి గురించి ఇంకొక్క సంగతి. 1739లో సూసన్నాకు 70 ఏళ్ళు. విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను పిల్లల కోసం వివరంగా వ్రాసి నేర్పిన తల్లి. ఆ సంవత్సరం ఆమె జాన్‌తో చెప్పింది: ప్రభురాత్రి భోజనములో గిన్నె అందుకుంటుండగా ఆ మాటలు తన గుండెను తాకాయని, క్రీస్తునుబట్టి దేవుడు తన పాపములన్నీ క్షమించాడని అప్పుడు తనకు నిశ్చయముగా తెలిసిందని. ఇన్ని సంవత్సరాలు బోధించిన తల్లి తన కొడుకు ఎదుట సాక్ష్యము చెప్పే విశ్వాసిగా నిలబడింది. 1742 జులై 23న ఆమె ప్రభువునందు నిద్రించింది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. అమ్మా, చిన్నదాన్ని బడి మాన్పించాలా వద్దా అనేది నువ్వు, నీ భర్త కలిసి ప్రార్థించి తీర్మానించుకోండి. ఆరు గంటలు కూర్చోబెట్టి చదువు చెప్పే శక్తి, ఓపిక ఉంటే అది కూడా మంచిదే. కూలికి, ఉద్యోగానికి వెళ్ళే ఇళ్ళల్లో అది కుదరదు. అందుకు నేరం చేసినట్టు బాధపడవద్దు. కానీ వారంలో ఒక సాయంత్రం ఆ పిల్లకు ఇవ్వు. టీవీ కట్టేసి, ఫోను ప్రక్కన పెట్టి, మార్కులు అడగకుండా, ప్రసంగం చేయకుండా కూర్చో. ఆ హాస్టల్ అబ్బాయికి కూడా ఒక రోజు ఉంచు. వాడు ఇంట్లో లేకపోయినా ఆ రోజు వాడిది. ఫోను చెయ్యి, ఎత్తకపోతే ప్రార్థన చెయ్యి, వచ్చే వారం మళ్ళీ చెయ్యి.

ఈ పాఠం సిద్ధపరచుకునేటప్పుడు నా భార్య అడిగింది, మన ఇద్దరు పిల్లల్లో ఎవరికి ఏ రోజు అని. ఇరవై ఏళ్ళుగా సేవలో ఉన్నాను, సంఘంలో ఎవరి ఇంటికి ఏ రోజు వెళ్ళాలో డైరీలో వ్రాసి ఉంది. వాళ్ళ పేర్లు అందులో లేవు. పెద్దమ్మాయికి బుధవారం అని వ్రాశాను. మొదటి బుధవారం ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక చాలాసేపు ఊరికే కూర్చున్నాం. తరువాత తను కాలేజీలో జరిగిన ఒక సంగతి చెప్పింది.

వచ్చే వారం ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో 20వ వచనము నుండి చూద్దాం. కుమారుడు తండ్రిని ప్రశ్న అడిగే భాగము అది. మీ పిల్లలు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఉంటే ఉత్తరం వ్రాసి పంపండి, పేర్లు చెప్పకుండా చదువుతాను. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.